రాయిలో వచ్చిన చుట్టాలు: గుర్తుపట్టాకే పట్టండి

ప్రశ్న: మాది హనుమకొండ. ఇంట్లో 200 లీటర్ల రీఫ్ ట్యాంక్ (కోరల్స్ పెంచే ఉప్పునీటి అక్వేరియం) పెట్టి తొమ్మిది నెలలైంది. హైదరాబాద్‌లో ఒక మిత్రుడు తన ట్యాంక్ తీసేస్తుంటే, ఆరు వారాల కింద జోవాలు (గుంపుగా పెరిగే పువ్వుల్లాంటి సముద్ర జీవులు) అతుక్కుని ఉన్న ఆరు కిలోల లైవ్ రాక్ (జీవులు కాపురమున్న సముద్రపు రాయి) తెచ్చి మా ట్యాంక్‌లో వేశాను. అప్పట్నుంచి రాత్రుళ్లు ట్యాంక్‌లో టక్కుమని చప్పుడు వస్తోంది. ఐదు క్రోమిస్ చేపల్లో రెండు మాయమయ్యాయి. ఒక నత్త గుల్ల ఖాళీగా దొరికింది. టార్చి వేసి చూస్తే జెర్రిలాంటి పురుగు జానెడు మేర బయటికి వచ్చి, చటుక్కున రాయిలోకి పోయింది, వీడియో పంపుతున్నాను. అద్దం మీద గోరంత తెల్ల నక్షత్రాలు కనిపిస్తున్నాయి. రాయి మీద గోధుమరంగు పువ్వుల్లాంటివి రెండుంటే గీకేశాను, ఇప్పుడు పది దాటాయి. రాళ్లన్నీ తీసి మరగబెట్టమని ఒకరు, కాపర్ మందు వేయమని ఇంకొకరు అంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: ఆ రాళ్లను పొయ్యి మీద మాత్రం పెట్టకండి. మిగతావన్నీ వారం ఆగినా ఫర్వాలేదు, ఇది మాత్రం ఇప్పుడే తెలియాలి. మీ రాయి మీద జోవాలున్నాయని మీరే రాశారు. జోవాల్లో, ముఖ్యంగా వాటి దగ్గరి చుట్టాలైన పాలిథోవాల్లో, పాలిటాక్సిన్ అనే విషం ఉండవచ్చు. రాయిని మరగబెట్టినా, వేడినీళ్లు పోసి బ్రష్‌తో రుద్దినా ఆ విషం ఆవిరితో, తుంపరలతో గాల్లోకి లేస్తుంది. అది పీల్చిన వాళ్లకు జ్వరం, వణుకు, ఆగని దగ్గు, ఛాతీ బిగపట్టినట్టు ఉండటం, నోట్లో చేదు లేదా లోహపు రుచి వస్తాయి. ఇలా రాళ్లు మరగబెట్టి ఇంటిల్లిపాదీ, పెంపుడు కుక్కలతో సహా, ఆసుపత్రి పాలైన ఘటనలు పలు దేశాల్లో నమోదయ్యాయి. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. ఆ రాయిని ముట్టుకునే ప్రతిసారీ గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకోండి. జోవాను నొక్కితే నీళ్లు సూటిగా కంట్లోకి చిమ్ముతాయి. చేతికి చిన్న గాయమున్నా ఆ రోజు పని వాయిదా వేయండి.

కాపర్ కూడా వద్దు. అది రొయ్యను, నత్తను, పురుగును, కోరల్‌ను వేరుచేసి చూడదు, వెన్నెముక లేని ప్రతిదాన్నీ చంపుతుంది. రాయి, ఇసుక దాన్ని పీల్చుకుని నెలల తరబడి కొద్దికొద్దిగా వదులుతుంటాయి. పైగా రాయి లోపల వందల కొద్దీ జీవులు ఒకేసారి చచ్చి కుళ్లితే అమ్మోనియా ఒక్క రాత్రిలో పెరిగి చేపలు కూడా పోతాయి.

ఇక మీ ట్యాంక్‌లో ఏముందో చూద్దాం. మీరు చెప్పిన ఆరు లక్షణాలనూ ఒకే దొంగకు అంటగట్టకండి. చప్పుడు ఒకరిది, పురుగు ఇంకొకరు, చేపలు పోవడానికి కారణం మూడోది కావచ్చు. మా అంచనా అలాగే ఉంది.

క్రోమిస్ సంగతి ముందు తేల్చుకుందాం. ఆకుపచ్చ క్రోమిస్‌లను చిన్న ట్యాంక్‌లో గుంపుగా పెడితే బలమైనది బలహీనమైనదాన్ని తరిమి తరిమి, ఒక్కొక్కటే తగ్గిపోవడం మామూలే. కనుక స్టాండ్ వెనక నేల మీద, ఓవర్‌ఫ్లో పెట్టెలో, సంప్‌లో (ట్యాంక్ కింద ఉండే ఫిల్టర్ తొట్టి), పంపు జాలీ దగ్గర వెతకండి. చీమల బారు కనిపిస్తే దాని వెంటే వెళ్లండి, ఎండిన చేప దొరుకుతుంది. మిగిలిన మూడింటి రెక్కలు చిరిగి ఉన్నాయేమో, ఒంటి మీద ఎర్రటి పుండ్లున్నాయేమో చూడండి. రాత్రి చచ్చిన చేపను తెల్లారేసరికి పురుగులు, పీతలు ముల్లు కూడా మిగల్చకుండా తినేస్తాయి. చచ్చిన దాన్ని తిన్న పురుగు మీద హత్యానేరం మోపడం ఈ హాబీలో చాలా ఎక్కువ.

చప్పుడు విషయంలో మొదట అనుమానించాల్సింది హీటర్‌ను. థర్మోస్టాట్ ఆన్, ఆఫ్ అయినప్పుడల్లా టక్కుమంటుంది. రాత్రి ఒక అరగంట హీటర్ ప్లగ్ తీయండి, పంపులు పది నిమిషాలు ఆపండి. స్టీలు గ్లాసు మూతిని ట్యాంక్ అద్దానికి ఆనించి అడుగున చెవి పెట్టి వినండి. అప్పుడూ చప్పుడు వస్తే ప్రాణి ఉన్నట్టే. అది పిస్టల్ రొయ్య కావచ్చు, మాంటిస్ రొయ్య కావచ్చు.

పిస్టల్ రొయ్యకు ఒక డెక్క మామూలుగా, ఇంకొకటి ఒంటికి మించిన సైజులో ఉంటుంది. ఆ డెక్క ఠక్కున మూసినప్పుడు నీళ్లలో ఒక బుడగ పుట్టి కూలిపోతుంది, మనకు వినిపించేది ఆ బుడగ పగిలిన శబ్దం. డెక్కలు తగులుకున్న చప్పుడు కాదని 2000లో గాని తేలలేదు. దీంతో చేపలకు పెద్దగా ముప్పు లేదు. ఇసుకలో బొరియ తవ్వుకుని, దొరికితే ఒక గోబీ చేపతో కలిసి కాపురం చేస్తుంది. రాళ్ల కింద ఇసుక తోడేసి రాళ్లు జారేలా చేయడమే దాని దోషం. రాళ్లను ఇసుక మీద కాకుండా నేరుగా అడుగు అద్దం మీద, పల్చటి ప్లాస్టిక్ షీటు వేసి నిలబెడితే ఆ బాధ కూడా ఉండదు. అది పిస్టల్ రొయ్యే అయితే వదిలేయండి. మీ ట్యాంక్‌కు అందం.

మాంటిస్ రొయ్య అయితే కథ వేరు. కాడల మీద నిలబడి వేర్వేరు దిక్కులకు తిరిగే కళ్లు, గొల్లభామలా ముందుకు మడిచిన చేతులు దీని గుర్తు. కొన్ని జాతులు ఈటెలా గుచ్చుతాయి, కొన్ని సమ్మెటలా కొడతాయి. పీకాక్ మాంటిస్ దెబ్బ సెకనుకు 23 మీటర్ల వేగం వరకు ఉంటుందని 2004లో కొలిచారు. ట్యాంక్ అద్దం పగులుతుందేమోనని భయపడకండి. రాయిలో దాక్కుని వచ్చే వేలెడంత పిల్ల 8, 10 మిల్లీమీటర్ల అద్దాన్ని పగలగొట్టడం చాలా అరుదు. కానీ నత్తలు, హెర్మిట్ పీతలు, చిన్న చేపలు మాత్రం మిగలవు.

ఇక్కడే మీకు దొరికిన ఖాళీ గుల్ల పనికొస్తుంది. దాన్ని పారేయకపోయి ఉంటే వెలుతురులో తిప్పి చూడండి. గుల్లకు గుండ్రటి బొక్క పడి, లేదా చితికి ఉంటే సమ్మెట మాంటిస్. మూతి అంచులు చెక్కులు చెక్కులుగా విరిగి ఉంటే పీత. ఏ దెబ్బా లేకుండా శుభ్రంగా ఉంటే నత్త తనంతట తానే చచ్చి ఉండవచ్చు. కొత్తగా కొన్న నత్తల్లో ఇది మామూలే, ముఖ్యంగా నీళ్లకు అలవాటు చేయకుండా ఒకేసారి వదిలినప్పుడు.

ఇప్పుడు ఆ జెర్రి. మీరు పంపిన వీడియోలో ఒళ్లు కనిపించింది గాని తల కనిపించలేదు. మనకు కావాల్సింది తలే. మామూలు బ్రిసిల్ పురుగు గులాబీ, బూడిద రంగుల్లో మెత్తగా ఉంటుంది. రెండు పక్కలా తెల్లటి నూగు కుచ్చులు కుచ్చులుగా ఉంటుంది. పెద్ద దవడలు కనిపించవు. ఇది పాకీ పనిమంతురాలు. మిగిలిన మేత, చచ్చిన జీవి, రాయి సందుల్లోని మురికి దీని ఆహారం. ఇది ఎక్కువగా కనిపిస్తోందంటే మేత ఎక్కువ వేస్తున్నారని అర్థం. చేపలు రెండు నిమిషాల్లో తినగలిగినంతే వేయండి, నెలన్నరలో సంఖ్య దానంతట అదే తగ్గుతుంది. వట్టిచేత్తో మాత్రం ముట్టుకోవద్దు. నూగు చర్మంలో దిగితే గాజు పీచులా గుచ్చుకుని మండుతుంది. సెల్లోటేప్ అతికించి లాగితే చాలా వరకు వస్తుంది.

దీనికి భిన్నంగా యూనిస్ పురుగుకు తల మీద ఐదు మీసాలుంటాయి. ఒళ్లు గట్టిగా, ఊదా, రాగి రంగుల్లో నెమలి ఈకలా మెరుస్తుంది. చాలా వాటికి తల వెనక కాస్త దూరంలో ఒక తెల్ల పట్టీ ఉంటుంది. దవడలు కత్తెర్లు. ఇందులో పెద్ద జాతిని బాబిట్ పురుగు అంటారు, అది మూడు మీటర్ల వరకు పెరుగుతుంది. 2009లో ఇంగ్లండ్‌లోని న్యూకీ ఊళ్లో ఒక పబ్లిక్ అక్వేరియంలో కోరల్స్ తెగిపోతూ, చేపలకు గాయాలవుతూ ఉంటే కారణం తెలియక చివరికి ట్యాంక్ మొత్తం విప్పారు. నాలుగడుగుల పురుగు బయటపడింది. ఇది చదివి మీరు హడలిపోవద్దు. ఇళ్లల్లోని ట్యాంకుల్లో కనిపించే యూనిస్‌లలో ఎక్కువ భాగం చిన్న జాతులే, నాచు, చిల్లర జీవులు తిని బతుకుతాయి. కానీ మీరు జానెడు బయటికి చూశారంటే లోపల కనీసం మరో జానెడు ఉంటుంది. ఐదు మీసాలు తేలితే దాన్ని తీసేయమనే చెబుతాం.

గుర్తుపట్టడానికి రాత్రి కాపలా కాయాలి. ట్యాంక్ లైట్లు ఆపిన గంట, రెండు గంటల తర్వాత టార్చికి ఎర్ర సెలోఫేన్ కాగితం రెండు మడతలు చుట్టి చూడండి. ఈ జీవుల్లో చాలా వాటికి ఎర్ర వెలుగు సరిగా కనిపించదు, అందుకే పారిపోవు. గోరంత పచ్చి రొయ్య ముక్కను దారానికి కట్టి అనుమానమున్న బొక్క ముందు వేలాడదీయండి, ఫోన్‌లో వీడియో తీయండి. మూడు నాలుగు రాత్రులు పట్టవచ్చు. ఈ ఓపిక లేకపోతే మిగతా పని అంతా గుడ్డిగానే సాగుతుంది.

ఏ రాయో తెలిశాక పని తేలిక. కొత్తగా తెచ్చిన రాళ్లే అనుమానితులు కనుక వాటిని ఒక్కొక్కటే, వేర్వేరు బకెట్లలోకి మార్చండి. బకెట్ కొత్తది కావాలి. పెయింట్ డబ్బా ఎంత కడిగినా వద్దు. 20 లీటర్ల బకెట్‌లో ట్యాంక్ నీళ్లే నింపి, చిన్న పంపు, హీటర్ పెట్టండి, పైన జాలీ మూత వేయండి. ఉష్ణోగ్రత 25 నుంచి 27 డిగ్రీలు, ఉప్పు సాంద్రత 1.025. ఆవిరై తగ్గిన నీటికి బదులు ఉప్పు లేని ఆర్‌వో డీఐ నీళ్లే (ఖనిజాలన్నీ వడకట్టి తీసేసినవి) పోయాలి. బోరు నీళ్లు, భగీరథ నల్లా నీళ్లు రెండూ పనికిరావు. వంటింట్లో తాగే ఆర్‌వో నీళ్లలో రుచి కోసం ఖనిజాలు మళ్లీ కలుపుతారు, అందుకని అవీ వద్దు. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్ సున్నా చూపాలి. ఎండాకాలం అయితే మన దగ్గర 20 లీటర్ల నీళ్లు మధ్యాహ్నానికే 32 డిగ్రీలు దాటతాయి. గడ్డకట్టిన నీళ్ల సీసాను మూత బిగించి తేలనివ్వండి, గంటకోసారి మార్చండి. కరెంటు పోతే బకెట్‌లో ఆక్సిజన్ ట్యాంక్‌లో కంటే త్వరగా అయిపోతుంది, బ్యాటరీ గాలి పంపు ఒకటి పక్కన ఉంచుకోండి.

చప్పుడు ఏ బకెట్‌లోకి మారిందో, ఆ రాయిలో ఉందన్నమాట. దాన్ని బయటికి రప్పించడానికి అన్నిటికంటే తేలికైనది సాదా సోడా. నిమ్మ, ఉప్పు, చక్కెర ఏదీ కలపనిది, కిరాణా షాపులో దొరికే ప్లెయిన్ సోడా సీసా చాలు. రాయిని బకెట్ మీద పళ్లెంలో బొక్క పైకి వచ్చేలా పెట్టి, 10 మిల్లీలీటర్ల సిరంజితో సోడాను నేరుగా బొక్కలోకి ఎక్కించండి. ఆ గ్యాస్‌కు ఊపిరాడక, పులుపుకు తట్టుకోలేక మాంటిస్‌గాని పీతగాని చాలాసార్లు ఒకటి రెండు నిమిషాల్లోనే బయటికి దూకుతుంది. రాకపోతే ఇంకోసారి. ఐదు నిమిషాలు దాటకుండా రాయిని మళ్లీ నీళ్లలో పెట్టండి. సోడా జోవాల మీద పడనివ్వద్దు, ట్యాంక్‌లో పోయనే వద్దు. దూకినదాన్ని చేత్తో పట్టకండి, గాజు సీసాలోకి తోయండి. మాంటిస్ దెబ్బకు వేలు చీలుతుంది.

బొక్క దొరకకపోతే ఉప్పు నీళ్ల మునక ఉంది. 10 లీటర్ల ఆర్‌వో డీఐ నీళ్లలో సుమారు 540 గ్రాముల సముద్రపు సాల్ట్ మిక్స్ బాగా కలిపి, ఉప్పు సాంద్రత కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో 1.036 నుంచి 1.038 వచ్చేలా చూడండి. నీళ్ల ఉష్ణోగ్రత ట్యాంక్‌తో సమానంగా ఉండాలి. రాయిని ఒకటి, రెండు నిమిషాలు ముంచి ఆడిస్తే పురుగులు, పీతలు, పెళుసు నక్షత్రాలు (బ్రిటిల్ స్టార్ అనే సన్న కాళ్ల జీవులు) రాలి పడతాయి. పనికొచ్చేవాటిని ఏరి వెంటనే ట్యాంక్ నీళ్లలో వేయండి. ఉప్పు లేని నీళ్లలో ముంచడం ఇంకా బలంగా పనిచేస్తుంది కానీ రాయిలోని స్పాంజీలను, మంచి జీవులనూ చంపుతుంది. తర్వాత వారం రోజులు బకెట్‌లో అమ్మోనియా చూసుకోవాల్సి వస్తుంది. అది ఆఖరి మార్గం.

రాళ్లు తీయడం కుదరకపోతే ట్యాంక్‌లోనే వల పన్నవచ్చు. గాజు సీసాను రాయికి ఆనించి ఏటవాలుగా పెట్టి, లోపల రొయ్య ముక్క వేయండి. పీత దిగుతుంది, నున్నటి గాజు ఎక్కలేదు. డెక్కల చివర నల్లగా, ఒళ్లంతా వెంట్రుకలుగా ఉండే పీతలైతే చాలా వరకు తీసేయాల్సినవే. బ్రిసిల్ పురుగులకు పాత నైలాన్ సాక్స్ ముక్కలో రొయ్య ముక్క మూటగట్టి ఇసుక మీద పెడితే, నూగు నైలాన్‌కు చిక్కుకుని తెల్లారేసరికి గుత్తిగా వస్తాయి.

యూనిస్‌కు వల కంటే పట్టుకారు నయం. ఎర కోసం సగం ఒళ్లు బయటికి వచ్చాక, 25 సెంటీమీటర్ల పట్టుకారుతో బొక్క అంచు దగ్గరే పట్టుకుని గుంజకుండా బిగువుగా ఆపి ఉంచండి. అది లోపలికి లాగుతుంది, అలసి వదులు చేస్తుంది, అప్పుడు ఒక అంగుళం తీసుకోండి. తొందరపడి గుంజితే తెగుతుంది. తల ఉన్న ముక్క లోపలే ఉంటే మళ్లీ తోక పెంచుకుంటుంది, తల మీ చేతికొస్తే మిగతా ఒళ్లు లోపల కుళ్లుతుంది. బొక్కకు ఎపాక్సీ పూసి మూసేయాలని చూడకండి, ఇంకో వైపు తొలుచుకుని వస్తుంది. మొండికేస్తే ఆ రాయి ఒక్కటీ వదులుకోవడమే మేలు. జోవాలున్న భాగాన్ని నీళ్ల లోపలే ఉలితో విడదీసి దాచుకోండి. మిగతా రాయిని ఆరుబయట, నీళ్లు పదింట ఇంటి బ్లీచ్ ఒక వంతు కలిపి ఒక రోజు నానబెట్టండి. బ్లీచ్ పాలిటాక్సిన్‌ను కూడా నిర్వీర్యం చేస్తుంది. వెనిగర్‌తో, యాసిడ్‌తో మాత్రం కలపవద్దు, క్లోరిన్ గ్యాస్ వస్తుంది. తర్వాత కడిగి మూడు నాలుగు వారాలు ఎండబెడితే మళ్లీ వాడుకోవచ్చు.

నక్షత్రాల గురించి పెద్దగా ఆలోచించకండి. అవి ఆస్టెరీనాలు అనే చిన్న సముద్ర నక్షత్రాలు. ఒళ్లు రెండుగా చీల్చుకుని పిల్లలవుతాయి, అందుకే కాళ్లు ఒక వైపు పొడుగు, ఒక వైపు పొట్టి. అద్దం మీద పొరలాంటి నాచు తింటాయి. జోవాల మీద కూర్చుని, అవి లేచాక కింద తెల్లటి మచ్చ కనిపిస్తే మాత్రం రోజూ పది చొప్పున ఏరేయండి. వీటి కోసం హార్లెక్విన్ రొయ్యను కొనమని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. అది నక్షత్రాలు తప్ప ఇంకేమీ తినదు, మీ ట్యాంక్‌లో అవి అయిపోగానే ఆకలితో చస్తుంది.

గోధుమరంగు పువ్వులు ఐప్టేసియా, అంటే కలుపులా పెరిగే ఒక రకం సీ అనిమోన్ జీవులు. మీరు చేసిన పొరపాటు గీకడం. దాని అడుగు భాగం రాయికి గోరంత అంటుకుని ఉన్నా అందులోంచి కొత్తది పుడుతుంది, అందుకే రెండు పదయ్యాయి. సున్నం ముద్దతో ముగించండి. ల్యాబ్ గ్రేడ్ కాల్షియం హైడ్రాక్సైడ్‌ను కొద్ది చుక్కల ఆర్‌వో డీఐ నీళ్లతో టూత్‌పేస్ట్ అంత చిక్కగా కలపండి. పాన్ డబ్బాలో దొరికే సున్నం వద్దు, అందులో ఏం కలిపారో తెలియదు. పంపులు ఆపి, ఒక మిల్లీలీటర్ సిరంజికి మొద్దు సూది పెట్టి, దాని మీసాలకు తగలకుండా నెమ్మదిగా నోటి దగ్గరికి తెచ్చి ముద్ద పెట్టండి. తొందరపడితే ముడుచుకుని సందులోకి పోతుంది. పది, పదిహేను నిమిషాలు ఆగి పంపులు వేయండి. 200 లీటర్లకు రోజుకు మూడు, నాలుగుకు మించవద్దు. సున్నంతో పీహెచ్ పెరుగుతుంది, 8.5 దాటితే ఆ రోజుకు ఆపేయండి. వారం తర్వాత అదే చోట పిల్లలొచ్చాయేమో చూసి మళ్లీ పెట్టండి. పెప్పర్‌మింట్ రొయ్యలు రెండు మూడు వేస్తే చిన్నవాటిని తింటాయి. కానీ షాపులో దాని పేరు చెప్పి కామెల్ రొయ్యను అంటగడతారు. వీపు గూనిగా, పెద్ద కళ్లతో, ఎరుపు తెలుపు గీతలు, చుక్కలు కొట్టొచ్చినట్టుంటే అది కామెల్, మీ జోవాలనే కొరుకుతుంది.

పట్టుకున్న మాంటిస్‌ను చంపాలని లేకపోతే 30, 40 లీటర్ల చిన్న పెట్టెలో, ఒక పీవీసీ గొట్టం ముక్క ఇల్లుగా పెట్టి విడిగా పెంచవచ్చు. మనిషి కంట్లో రంగులు పట్టే కణాలు మూడు రకాలైతే దాని కంట్లో డజను ఉంటాయి. చూడదగ్గ జీవి. చెరువులోనో వాగులోనో మాత్రం వేయకండి, మంచినీళ్లలో అది నరకయాతన పడి చస్తుంది.

ఇకముందు రాయి కావాలంటే సిరామిక్ రాయో, ఎండు రాయో కొని ట్యాంక్‌లోని బ్యాక్టీరియాతో నెల రోజులు నానబెట్టుకోండి. మన్నార్ సింధుశాఖ వైపు నుంచి వచ్చిందని చెప్పి అమ్మే కోరల్ రాయి ముట్టుకోవద్దు, మన సముద్రాల పగడాలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. మిత్రుల ట్యాంక్ నుంచి ఫ్రాగ్ (దిమ్మకు అతికించిన చిన్న కోరల్ ముక్క) తెచ్చుకున్నా దాని అడుగు దిమ్మను కోసి పారేసి, కొత్త దిమ్మకు అతికించి, ఆరు వారాలు వేరే పెట్టెలో, లైటు కింద ఉంచండి. చీకట్లో ఉంచితే ఐప్టేసియా ముడుచుకుని కనిపించదు, ట్యాంక్‌లో వేశాక విచ్చుకుంటుంది.

ముందు ఈ రాత్రి హీటర్ ప్లగ్ తీసి వినండి. పురుగు తల స్పష్టంగా పడిన వీడియో దొరికితే మళ్లీ పంపండి, మీసాలు లెక్కబెట్టి చెబుతాం.